చివరి పాదం మాది, మొదటి మూడూ మీవి

వేసవిలో మంచు కురిసె బెజవాడందున్.

ఇది అబద్ధమని బెజవాడ వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మే నెల మధ్యాహ్నం బెంజి సర్కిల్లో నిలబడ్డ మనిషికి మంచు మాట ఎత్తితే కొట్టినా కొడతాడు. అయినా ఈ వాక్యానికి వ్యాకరణదోషం లేదు, ఛందోదోషం లేదు. కందపద్యానికి నాలుగో పాదంగా చక్కగా అతుకుతుంది. ఈ వ్యాసం కోసం నేనే కట్టాను కనక పాత పుస్తకాల్లో వెతకనక్కర్లేదు. ఇక మిగిలిన పని పాఠకులది. మొదటి మూడు పాదాలూ రాసి, ఆ చివరి అబద్ధాన్ని నిజం చెయ్యాలి. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం కదపకూడదు. గడువు దాటకూడదు.

దీన్నే సమస్య అంటారు. నింపడం పూరణం. అవధాన సభలో కూర్చున్నవారికి ఈ గడువు నిమిషాల్లో ఉంటుంది. ఇంట్లో కూర్చుని పూరించి పంపేవారికి కొన్ని రోజులుంటుంది. సభలో జరిగే మొదటి రకానికి చప్పట్లు, శాలువాలు, పత్రికల్లో ఫొటోలు దక్కుతాయి. రెండో రకం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకు ఆ రెండోదే ఎక్కువ ఇష్టం. పద్యం రాయడం తెలిసినవాళ్ళ సంఖ్యని పెంచింది అదేనని నా నమ్మకం.

వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల్లో కావ్య సమస్యాపూరణం ఒకటి. పూలమాలలు కట్టడం, వీణ వాయించడం, పొడుపుకథలు విప్పడం లాంటి వాటి సరసన దాన్ని చేర్చాడు. నలుగురూ కూడినప్పుడు పొద్దుపోవడానికి పనికొచ్చే విద్య అని దాని అర్థం. భోజరాజు కథల్లో ఇది రాజసభకి ఎక్కింది. అర్థమే లేని, కేవలం బిందె దొర్లే చప్పుడుతో నిండిన పాదం ఒకటి ఇస్తే, నీళ్ళు తెస్తున్న యువతి చేతిలోని బిందె జారి మెట్ల మీద దొర్లిందని కాళిదాసు పూరించాడని ఆ కథలు చెబుతాయి. ఇంకో కథ ఇంత సరదాగా ఉండదు. సింహళ రాజు కుమారదాసు ఒక వేశ్య ఇంటి గోడ మీద సగం శ్లోకం రాసి, పూర్తి చేసినవారికి బహుమానం ప్రకటించాడట. కాళిదాసు పూర్తి చేశాడు. బహుమానం కోసం ఆ వేశ్య కాళిదాసునే చంపించిందట. పోటీకి బహుమానం మరీ పెద్దదైతే ఏమవుతుందో ఆ రోజుల్లోనే తెలుసన్నమాట.

మన తెనాలి రామకృష్ణుడి మీద కట్టిన కథ తెలుగువాళ్ళందరికీ తెలిసిందే. ఏనుగుల మంద దోమ గొంతులోకి దూరిందని సమస్య. పాండవులంతటి వాళ్ళు విధివశాన విరాటుడి కొలువులో చేరారు, ఇక దీన్ని ఏమనాలి అని పూరణ. జరిగిందో లేదో చెప్పలేం గానీ, ఆ పూరణలోని కిటుకు ఈనాటికీ పాఠమే. ఏనుగునీ దోమనీ ముట్టుకోకుండా అలాగే ఉంచి, వాటిని పోలికగా మార్చేశాడు. అసాధ్యమైన మాట ఒక్కసారిగా లోకోక్తి అయిపోయింది. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ‘చాటుపద్య మణిమంజరి’లో ఇలాంటి చాటువులెన్నో ఏరి కూర్చకపోతే వీటిలో చాలా మటుకు నోటి మాటగానే పోయేవి.

సమస్యని పండితుల ఇంటి అరుగు మీంచి ఊరూరికీ తీసుకువెళ్ళిన ఘనత తిరుపతి వేంకట కవులది. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) ఇద్దరూ కలిసి సంస్థానాలూ పట్నాలూ తిరిగి అవధానాలు చేశారు. కొప్పరపు సోదర కవులతో వీళ్ళకి నడిచిన స్పర్ధ ఒక తరం సాహిత్య సభల్ని వేడెక్కించింది. ఆ తగాదాల రుచి చూడాలంటే చెళ్ళపిళ్ళ వారి ‘కథలు గాథలు’ చదవాలి. నవలలా సాగుతుంది.

అష్టావధానంలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడు ఎనిమిది మందిలో ఒకడు. ఒకాయన ప్రతి అక్షరానికీ నిషేధం పెడుతుంటాడు. ఒకాయన పొంతన లేని నాలుగు పదాలిచ్చి పద్యంలో ఇమడ్చమంటాడు. ఇంకొకాయన మధ్యమధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసి ధ్యాస చెదరగొడతాడు. అవధాని సమస్యకి ఒక పాదం చెప్పి, మిగతావాళ్ళ దగ్గరికి వెళ్ళి, చుట్టు తిరిగొచ్చి రెండో పాదం చెబుతాడు. చివర్లో ధారణ అని పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. ఇది అందరివల్లా అయ్యేది కాదు. చూసి ఆనందించే విద్య.

ఇంట్లో పూరించేవాడి దారి వేరు. ఆకాశవాణి విజయవాడ, హైదరాబాదు కేంద్రాలు శ్రోతలకి సమస్య ఇచ్చి, వచ్చిన పూరణల్ని చదివి వినిపించే కార్యక్రమాలు నడిపాయి. రేడియోలో పాదం వినగానే చేతికందిన కాగితం మీద గిలికి పెట్టుకోవాలి. ఫలానా రోజులోగా చేరాలంటారు కనక, తపాలాకి పట్టే రోజులు తీసేస్తే చేతిలో మిగిలేది తక్కువే. ఆ నాలుగు రోజులూ పాదం మనిషిని వదలదు. బస్సులో, బడిలో, బ్యాంకు కౌంటరు దగ్గర వరసలో గుణగుణమంటూనే ఉంటుంది. తెలుగు మాస్టర్లు, రెవెన్యూ ఉద్యోగులు, పోస్టుమాస్టర్లు, రైతులు కార్డుల మీద పూరణలు రాసి పంపేవారు. తమ పేరూ ఊరూ రేడియోలో వినబడ్డ రోజున వీధి వీధంతా పలకరించేది.

సరే, బెజవాడ మంచు సంగతి చూద్దాం. పాదం చేతికి రాగానే అర్థం వెంట పడకూడదు. ముందు ఛందస్సు తేల్చుకోవాలి. ‘వేసవి – లోమం – చుకురిసె – బెజవా – డందున్’ అని విడగొడితే నాలుగేసి మాత్రల గణాలు ఐదు వస్తాయి. మూడో గణం నలం, చివరి అక్షరం గురువు. కందంలో రెండో పాదమో నాలుగో పాదమో అయి తీరాలి. మొదటి గణం ‘వే’తో, నాలుగో గణం ‘బె’తో మొదలైంది. వకార బకారాలకి యతిమైత్రి ఉంది, ఏకార ఎకారాలకీ ఉంది. కనక పాదం గట్టిదే. పృచ్ఛకుడు తప్పుడు పాదం ఇచ్చాడేమోనన్న అనుమానం తీరింది.

తర్వాత ప్రాస. కందంలో ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. ఇక్కడ అది సకారం. పైగా ‘వే’ గురువు కనక నాలుగు పాదాలూ గురువుతోనే మొదలవ్వాలి. అంటే మనం రాయబోయే మూడు పాదాల తొలి మాటలు ఇప్పటికే సగం నిర్ణయమైపోయాయి. కాగితం మీద ఒక పక్కన వరసగా రాసుకోవాలి: ఆస, ఈసు, కోసి, గీసి, తోసి, దోసిలి, దాసుడు, పోసి, బాస, మీసం, మోసం, రాసి, వాసన, వీసం. ‘చూసి’ కూడా నోట్లో తిరుగుతుంది గానీ, గ్రాంథిక నియమం పట్టినవారు అది ‘చూచి’ కదా అని అడ్డం తగులుతారు. సకారం సులువైన ప్రాస. ఠకారమో ఘకారమో వచ్చినప్పుడు 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల వారి శబ్దరత్నాకరం తెరవాల్సిందే.

కొత్తవాళ్ళకి నమ్మబుద్ధి కాని సంగతి ఒకటుంది. పద్యంలో ఏం చెప్పాలన్నది చాలాసార్లు ఆ ప్రాసపదాల పట్టికే చెబుతుంది. మంచు ఎలా కురిపించాలా అని ఆకాశం వంక చూస్తూ కూర్చుంటే గడువు దాటిపోతుంది. పట్టికలో ‘తోసి’, ‘గీసి’, ‘దోసిలి’ పక్కపక్కన కనబడ్డాయి. తోసేదేమిటి? బండి. గీసేదేమిటి? ఐసు. బెజవాడ ఎండల్లో బడి గేటు దగ్గర ఆగే ఐస్ గోలా బండి దానంతటదే వచ్చి నిలబడింది.

తోసెడి బండిని నిలుపుచు
నైసును గీయంగఁ బిల్ల లాశగఁ జూడన్
దోసిటఁ జల్లగఁ బొడియయి
వేసవిలో మంచు కురిసె బెజవాడందున్.

రెండో పాదంలో ‘ఐసు’కీ ‘ఆశ’కీ యతి. ఐకారం, ఆకారం ఒకే జట్టు. మూడో గణం ‘గఁబిల్ల’ జగణం, ఆ చోట ఉండవచ్చు. మొదట చిత్తులో ‘నిలుపుచు’కి బదులు ‘నిలిపియు’ పడింది. మాత్రలు సరిపోయాయి గానీ ఆ చివరి ‘యు’కి అక్కడ పనేమీ లేదు. ‘నిలుపుచు’ అనగానే కిందున్న ‘ఐసు’తో సంధి కూడా సహజంగా కుదిరింది. ఇంకా ఒక వెలితి ఉంది. బండి తోసేవాడు పద్యంలో ఎక్కడా లేడు, మనం ఊహించుకోవాలి. ఐసు అన్న మాటే వద్దనేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళు ‘హిమశకలము’ అని పెట్టుకుని పిల్లల చేతికి ఇచ్చి చూడవచ్చు.

గడువు ఇంకా మిగిలి ఉంటే ఇక్కడ ఆగకూడదు. మొదట తట్టిన ఊహ మనకి తట్టినంత సులువుగానే పదిమందికీ తట్టి ఉంటుంది. బెజవాడకి చెందిన విషయాలు మరోసారి తలచుకోవాలి. కృష్ణ, బ్యారేజీ, రైల్వే స్టేషను, ఇంద్రకీలాద్రి, దుర్గమ్మ. దుర్గ ఎవరి కూతురు? హిమవంతుడిది.

ఆసపడి దుర్గఁ జూడఁగ
నే సడి లేకుండఁ దండ్రి యేతెంచె వడిన్
రాసుల హిమమున్ మోయుచు
వేసవిలో మంచు కురిసె బెజవాడందున్.

కూతుర్ని చూడాలనిపించి నాన్న వచ్చాడు. ఆయన వస్తే మంచు రాక ఏమవుతుంది? రెండింటిలో ఈ ఊహే పదునైనదని నాకు తోస్తుంది. వినేవాడికి చివరి పాదం దగ్గర ఒక్క క్షణం పట్టి, ఆ తర్వాత నవ్వొస్తుంది. పద్యంగా చూస్తే మొదటిదే శుభ్రంగా ఉంది. రెండో దాంట్లో ‘వడిన్’ అన్న మాట మూడు మాత్రల ఖాళీ నింపడానికి వచ్చింది తప్ప హిమవంతుడికి అంత తొందరేమీ లేదు. చప్పుడు లేకుండా వచ్చాడని ఒకపక్క, మంచు రాసులు మోసుకొచ్చాడని ఇంకోపక్క అనడం కూడా కొంచెం ఇరుకే.

ఇలా ఖాళీ పూడ్చే మాటల్ని వ్యర్థపదాలంటారు. పూరణలు వినే అలవాటున్న చెవికి వాటిని ఇట్టే పట్టేయడం వస్తుంది. ‘ముదముగ’ అని వినబడితే కవిగారికి నాలుగు లఘువులు తక్కువ పడ్డాయని అర్థం. ‘ఇలలో’, ‘ధరణిన్’ వస్తే సగణం కావలసి వచ్చింది. ‘వేడ్కన్’ అంటే రెండు గురువులు. పద్యంలో భూలోకం ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ కవికి భూమి మీద ప్రేమ ఉందనుకోనక్కర్లేదు. ఇవి అసలే వాడకూడదని అనను. గడువులో రాసే పద్యానికి ఒక్కటి క్షమించవచ్చు. రెండయితే తిరగరాయాలి.

అబద్ధాన్ని నిజం చేసే దారులు ఇంకా ఉన్నాయి. క్రమాలంకారం వాటిలో పాతది, నమ్మకమైనది. పాదాన్ని మూడు ముక్కలు చేసి ఒక్కో ముక్కనీ ఒక్కో ప్రశ్నకి జవాబుగా చూపడం. మామిడిపళ్ళు ఎప్పుడు రాసులు పడతాయి? వేసవిలో. సిమ్లా కొండల మీద ఏమైంది? మంచు కురిసె. కనకదుర్గ ఎక్కడ కొలువుంది? బెజవాడందున్. ఏ సమస్యనైనా దాదాపు ఇలా లొంగదీయవచ్చు. అందుకే అనుభవజ్ఞులు దీన్ని ఆఖరి ఆయుధంగా దాచుకుంటారు, సోమరులు మొదటి రోజే తీస్తారు.

పదాన్ని కలిపేయడం ఇంకో దారి. పాదం ‘నరుఁడు’ అని మొదలై, తోకతో ఊరు కాల్చాడని ముగిసిందనుకోండి. మూడో పాదం చివర ‘వా’ అని వదిలిపెడితే చాలు, నరుడు వానరుడవుతాడు. పాదంలో అక్షరం కదల్లేదు, దాని ముందు మనిషి మారిపోయాడు. ‘రాముఁడు’ ముందు ‘బల’ చేర్చినా ‘పరశు’ చేర్చినా అంతే. శ్లేష మరో దారి. ద్విజుడంటే బ్రాహ్మణుడు, పక్షి, పన్ను. ద్విజుడు చేపలు తిన్నాడని సమస్య ఇస్తే కొంగని తీసుకొచ్చి చెరువు గట్టు మీద నిలబెడితే సరిపోతుంది. ‘హరి’ అన్న ఒక్క మాటకి విష్ణువు, సింహం, కోతి, గుర్రం ఇలా ఎన్నో అర్థాలున్నాయి కనక అది పృచ్ఛకులకీ పూరకులకీ ఇద్దరికీ ప్రాణమే.

ఇక ఆ మాటని పిచ్చివాడి నోట్లోనో తాగుబోతు నోట్లోనో పెట్టడం, కలలో కన్నానని చెప్పడం కూడా ఉన్నాయి. నియమం ప్రకారం తప్పు లేదు. కానీ కలలో ఏదైనా జరుగుతుంది. తలుపు తాళం తీయమంటే గోడ కూలగొట్టి లోపలికి వచ్చినట్టుంటుంది. తాగుబోతుని తెచ్చినా వాడికంటూ ఒక బతుకూ, ఆ మాట అనడానికి ఒక కారణమూ పద్యంలో కనబడితే అప్పుడు ఒప్పుకోవచ్చు.

సమస్య ఇవ్వడం పూరించడం కన్నా కష్టమని చాలామందికి తెలియదు. అసంబద్ధమైన వాక్యం ఎవరైనా కట్టగలరు. లోపల ఎక్కడో ఒక తలుపు ఉంచాలి, ఆ తలుపు మొదటి చూపుకి కనబడకూడదు. ఊరి పేరో, పండగ పేరో, రెండర్థాల మాటో, ఎక్కడ విరిచినా అతికే పదమో ఉంటే పూరకుడికి పట్టు దొరుకుతుంది. పై పాదంలో బెజవాడ బదులు పేరు లేని ఏదో ఊరు ఉంటే హిమవంతుడు వచ్చేవాడు కాదు. పృచ్ఛకుడి బుద్ధి ఎలాంటిదో కూడా సమస్యలోనే బయటపడుతుంది. పాత సమస్యల్లో చాలా భాగం ఆడవాళ్ళ శీలం మీద, విధవరాళ్ళ మీద, అత్తాకోడళ్ళ మీద తిరిగేవి. వినగానే మగసభ పకపకా నవ్వాలని కట్టినవి. ఆ సమస్యల్ని గౌరవంగా పూరించి పరువు నిలిపిన కవుల నేర్పుని మెచ్చుకుంటాను గానీ, ఇచ్చినవాడిని మెచ్చుకోలేను. ఈరోజు సభల్లో ఆడవాళ్ళు పృచ్ఛకులుగానూ అవధానులుగానూ కూర్చుంటున్నారు. సమస్యల రుచి మారడానికి అది గట్టి కారణం.

ఇదంతా కవిత్వమేనా అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. వచన కవిత వచ్చాక ఆ ప్రశ్న ఇంకా గట్టిగా వినబడింది. నిజాయితీగా చెప్పాలంటే, వచ్చిన పూరణల్లో ఎక్కువ భాగం కవిత్వం కాదు. గళ్ళ నుడికట్టు నింపినట్టు ఉంటాయి. చాలా కొద్దిచోట్ల మాత్రం, సమస్య తీరిపోయాక కూడా పద్యం మిగులుతుంది. చివరి పాదం ఎవరో ఇచ్చారన్న సంగతే గుర్తురాదు. ఆ కొద్దిపాటి కోసం మిగతావన్నీ భరించవచ్చా అంటే, భరించవచ్చనే నా జవాబు. అవి రాసినవాళ్ళు రేపు పోతనని చదివేటప్పుడు ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో, ఏ ప్రాస కోసం ఎంత ఒదిగాడో చేతులారా తెలిసిన మనుషులుగా చదువుతారు. ఛందస్సు పుస్తకం చదివి నేర్చుకున్నవాడికి యతి ఒక నియమం. గడువులో పూరణ పంపినవాడికి అది అర్ధరాత్రి నిద్ర లేపిన శత్రువు.

గడువు చేసే మేలు అక్కడే ఉంది. గడువు లేని పద్యం ఎప్పటికీ పూర్తి కాదు. ‘వడిన్’ తీసేసి ఏం పెట్టాలా అని ఏడాది ఆలోచించవచ్చు. గురువారం పొద్దున తపాలా డబ్బా తెరుస్తారంటే బుధవారం రాత్రి ఏదో ఒకటి నిర్ణయించుకోవాలి. పైగా గడువు అందరికీ ఒకటే, పాదం అందరికీ ఒకటే. ఒంటరిగా రాసుకునే పద్యానికి పక్కన పెట్టి చూడటానికి ఏమీ ఉండదు. ఇక్కడ మనం రోజుల తరబడి కుస్తీ పట్టిన పాదాన్నే, మనం చూసిన గోడలన్నీ చూసిన ఇంకొకడు ఎటువైపు నుంచి దాటాడో వినబడుతుంది. మనం వదిలేసిన ప్రాసపదంతో అతను మొదలుపెట్టాడు. మనకి అడ్డొచ్చిన ‘బెజవాడ’ అతనికి నిచ్చెన అయింది. గురువు చెబితే ఇంత బాగా తలకెక్కదు.

ఇలాంటి పట్టింపు మనకొక్కరికే ఉందనుకోకూడదు. జపాన్‌లో ఏటా జనవరిలో రాజప్రాసాదంలో పద్యపఠన సభ జరుగుతుంది. అంశం ముందే ప్రకటిస్తారు. ముప్ఫై ఒక్క అక్షరాల టంక పద్యాన్ని కుంచెతో రాసి సెప్టెంబరు నెలాఖరులోగా పంపాలి. 1874 నుంచి మామూలు జనం కూడా పంపవచ్చు. చక్రవర్తి కుటుంబం రాసినవాటితో పాటు, ఎంపికైన సామాన్యుల పద్యాల్నీ అక్కడే రాగయుక్తంగా చదువుతారు. అమెరికాలో 2004లో మొదలైన ఫిబ్రవరి ఆల్బమ్ రైటింగ్ మంత్ అనే పాటల పందెం ఉంది. ఆ నెల ఇరవై ఎనిమిది రోజుల్లో పద్నాలుగు పాటలు కట్టాలి. లీపు సంవత్సరమైతే పద్నాలుగున్నర. ఆ అరపాట లెక్క కట్టినవాడెవడో మన పృచ్ఛకుల బంధువే అయి ఉండాలి.

ఇప్పుడు పాదం రేడియోలో కన్నా వాట్సాప్‌లో ఎక్కువగా వస్తోంది. హైదరాబాదులో పొద్దున ఇచ్చిన సమస్యకి డాలస్ నుంచి రాత్రి పూరణ రావడం మామూలైపోయింది. దాంతో ఒక నష్టం జరిగింది. అందరి పూరణలూ ఎప్పటికప్పుడు కనబడుతున్నాయి. మొదటివాడు హిమవంతుడిని తెచ్చాడంటే మిగతావాళ్ళు హిమవంతుడి వెనకే నడుస్తారు, లేదా ఆయన్ని తప్పించుకోవడానికే తిప్పలు పడతారు. తపాలా రోజుల్లో కార్డులన్నీ మూసిన సంచిలో చేరేవి. ఎవరి ఊహ వారిదే. బృందం నడిపేవాళ్ళు గడువు దాకా పూరణల్ని తమ దగ్గరే ఉంచుకుని, తర్వాత అన్నీ ఒకేసారి పెడితే ఆ రుచి తిరిగి వస్తుంది. పెద్ద పనేమీ కాదు.

పిల్లలతోనో, ఛందస్సు కొత్తగా పట్టుకున్న పెద్దలతోనో మొదలుపెట్టాలంటే కందం వద్దు. ఉత్పలమాల అసలు వద్దు. పాదానికి ఇరవై అక్షరాలు, ప్రతి అక్షరానికీ గురులఘువుల కాపలా. ఆటవెలది ఇవ్వాలి. వేమన పద్యాలు నోటికి వచ్చినవాళ్ళకి దాని నడక ముందే తెలిసి ఉంటుంది. ప్రాస నియమం లేదు. యతి కుదరకపోతే ప్రాసయతి వేసుకోవచ్చు, కందంలో ఆ వెసులుబాటు లేదు. నాలుగో పాదంలో అన్నీ సూర్యగణాలే కనక చప్పట్లు కొడుతూ కూడా లెక్క తేల్చుకోవచ్చు. పాదం ఇలా ఉంటే చాలు:

చేప చెట్టు నెక్కి చిలుకఁ జూచె.

వారం రోజులు గడువు ఇవ్వండి, అంతకన్నా ఎక్కువ వద్దు. ఎవరైనా రెండో రోజే వచ్చి కుదరడం లేదంటే జవాబు చెప్పకుండా, చెట్టున్న చెరువు గట్టుకి తీసుకెళ్ళి నీళ్ళలోకి చూడమనండి.